ఇంటర్వ్యూ నాది, ప్రశ్నలు మాత్రం మా నాన్నకు: ప్రైవేటు కంపెనీలకు చట్టం వర్తించదా?

సిరి_ఖమ్మం | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాకు 24 ఏళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. నడుస్తాను, కాకపోతే నెమ్మదిగా. మాట కొంచెం ముద్దగా వస్తుంది. కొత్తవాళ్లకు మొదట్లో అర్థం కాదు, కాసేపు వింటే అలవాటవుతుంది. బీకాం కంప్యూటర్స్ చేశాను. ట్యాలీ వచ్చు, జీఎస్టీ రిటర్నులు వేయడం వచ్చు. మా బాబాయి కొట్టు లెక్కలన్నీ నేనే చూస్తాను.

పోయిన వారం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లాను. నన్నూ నాన్ననూ ఇద్దరినీ లోపల కూర్చోమన్నారు. నా రెజ్యూమె వాళ్ల చేతిలోనే ఉంది, చూపు మాత్రం నాన్న మీదే. "అమ్మాయి ఒక్కతే వాష్‌రూమ్‌కు వెళ్లగలదాండీ?", "రోజూ మీరే దింపి తీసుకెళ్తారా?", "ఆఫీసులో పడిపోతే బాధ్యత ఎవరిది?" అని వరసగా అడిగారు. నేను జవాబు చెప్పబోతే, మాట పూర్తి కాకముందే నాన్న వైపు తిరిగి "ఏమంటోందండీ?" అన్నారు. ట్యాలీ గురించి ఒక్క ప్రశ్న లేదు. లేచేటప్పుడు నా చేతిలో చాక్లెట్ పెట్టి, "ఆల్ ది బెస్ట్ తల్లీ, మేం ఫోన్ చేస్తాం" అన్నారు. ఫోన్ రాలేదు.

"పోనీలే అమ్మా, నెలకు 4,016 రూపాయల పింఛను వస్తోంది కదా, టెన్షన్ పడకు" అని నాన్న అంటున్నారు. ఆయన నా మంచికే అంటున్నారు. నాకే మనసొప్పడం లేదు.

ప్రైవేటు వాళ్లు ఇలా చేస్తే అడిగే దిక్కు లేదా? ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు దీన్ని ఎలా దాటారు?

మాడరేటర్ | సోమవారం, రాత్రి 9:30

సిరి గారూ, స్వాగతం. అందరికీ ఒక మనవి: ఏ కంపెనీ పేరూ, ఏ మనిషి పేరూ రాయవద్దు. జరిగింది రాయండి, చాలు.

నరేష్_హనుమకొండ | సోమవారం, రాత్రి 9:47

సిరి చెల్లీ, ఆ చాక్లెట్ దగ్గర నాకు ఒళ్లు మండింది. 24 ఏళ్ల డిగ్రీ అయిన మనిషికి చాక్లెట్ ఇచ్చి పంపడమేంది!

నా సంగతి: ఇంజినీరింగ్ చదువుతుండగా బైక్ యాక్సిడెంట్ అయింది, వెన్నుపూస దెబ్బతింది. అప్పటి నుంచి వీల్‌చైర్. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను.

చట్టం గురించి నాకు తెలిసింది సూటిగా చెప్తాను. ఇక్కడ చాలామంది సగం సగం చెప్పి ఆశ పెడతారు. మనకున్నది వికలాంగుల హక్కుల చట్టం, 2016. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ప్రభుత్వానికే, ప్రైవేటుకు లేదు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఉద్యోగ విషయంలో వివక్ష చూపకూడదని చెప్పే 20వ సెక్షన్ కూడా ప్రభుత్వానికే. అందుకే కంపెనీల వాళ్లు "మాకు వర్తించదు" అని దబాయిస్తారు.

అయితే 21వ సెక్షన్ ప్రైవేటుకూ వర్తిస్తుంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలి. 20 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోటైతే వికలాంగులకు ఏయే పోస్టులు అనువైనవి, ఎంపిక ఎలా చేస్తారు, ఏం సౌకర్యాలు ఇస్తారు, ఎవరిని కలవాలి అన్నీ అందులో ఉండాలి. 3వ సెక్షన్‌లో సమానత్వం గురించి ఉన్న మాటలు ఎవరికైనా వర్తిస్తాయి.

కాబట్టి మొట్టమొదట చేయాల్సింది ఇదీ: "మీ సమాన అవకాశాల విధానం కాపీ పంపండి" అని ఒక మెయిల్ పెట్టు. తిట్టొద్దు, ఏడవొద్దు. కాపీ అడుగు, అంతే.

మాధవి_హెచ్‌ఆర్ | సోమవారం, రాత్రి 10:20

నేను పదేళ్లకు పైగా రిక్రూట్‌మెంట్‌లో ఉన్నాను. సిరి గారికి జరిగింది తప్పు, అందులో రెండో మాట లేదు. అటువైపు కూర్చునేవాళ్ల బుర్రలో ఏముంటుందో కూడా చెప్తాను, ఈసారి వెళ్లేటప్పుడు పనికొస్తుంది.

చాలామంది మేనేజర్లు జీవితంలో ఒక్క వికలాంగుడితో కూడా కలిసి పనిచేసి ఉండరు. స్కూల్లో పక్కన కూర్చోలేదు, కాలేజీలో లేరు. ఏం అడగాలో, ఏం అడగకూడదో తెలియదు. ఆ తెలియనితనాన్ని జాలితో కప్పుకుంటారు. మా దగ్గర నేను చెప్పే పద్ధతి ఒక్కటే: "ఈ పని చేయడానికి మీకు ఏ ఏర్పాటు కావాలి?" అని అభ్యర్థినే అడగాలి. మిగతా ప్రశ్నలన్నీ మిగతావాళ్లను అడిగేవే. పడిపోతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మిగతా అభ్యర్థులను అడిగామా? లేదు కదా.

సిరి గారూ, నా సలహా: నాన్నగారిని రిసెప్షన్‌లోనే కూర్చోబెట్టండి. ఆయన లోపల ఉంటే వాళ్లకు ఆయనతో మాట్లాడడమే సులువు.

రఫీ_తెనాలి | సోమవారం, రాత్రి 10:58

మాధవి గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తాను, చివరి సలహా మాత్రం నాకు నచ్చలేదు. నాకు చూపు లేదు. ఎక్కడికెళ్లినా మా తమ్ముడు తోడొస్తాడు. వాడిని బయట వదిలేసి వస్తేనే నన్ను మనిషిగా చూస్తారంటే, సర్దుకోవాల్సింది మళ్లీ నేనేనా? తోడు మనిషి ఉన్నా లేకపోయినా ప్రశ్న నన్నే అడగాలి. అది వాళ్లు నేర్చుకోవాల్సిన మర్యాద.

బ్యాంకులో ఇదే తంతు. ఖాతా తెరవడానికి వెళ్తే మేనేజర్ మా తమ్ముడితో, "అతని పేరు మీద ఒక్కడికే ఎందుకు, మీరూ చేరి జాయింట్ ఖాతా తీసుకోండి, చెక్‌బుక్, ఏటీఎం అయితే ఇవ్వం" అన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చూపులేని వాళ్లకు చెక్‌బుక్, ఏటీఎం కార్డు, నెట్ బ్యాంకింగ్, లాకరు ఏదీ నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు 2008 జూన్‌లోనే అన్ని బ్యాంకులకూ చెప్పింది. ఆ సర్క్యులర్ ప్రింటు తీయించి పట్టుకెళ్లాను. ఆయన చదివి, "పై ఆఫీసును కనుక్కోవాలి" అన్నారు. "కనుక్కోండి సార్, ఇవ్వమని వాళ్లు అంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వండి" అన్నాను. అదే వారంలో ఏటీఎం కార్డు ఇంటికొచ్చింది.

"రాసివ్వండి" అన్నాక చాలామంది దారికొస్తారు. నోటితో కాదనడం తేలిక, సంతకం పెట్టి కాదనడానికి చేయి రాదు.

లలిత_విజయనగరం | మంగళవారం, ఉదయం 6:35

రఫీ బాబూ, నువ్వు చెప్పింది నిజమే. సిరి తల్లీ, నీ పోస్టు రాత్రే చదివాను.

నాది కొంచెం వేరే సమస్య. మా అబ్బాయికి 21 ఏళ్లు, మేధో వైకల్యం. ఇక్కడ మీరంతా మెయిల్ పెట్టండి, సెక్షన్ చెప్పండి అంటున్నారు. వాడు మెయిల్ రాయలేడు. వాడి తరఫున నేనే మాట్లాడాలి. మరి వాడికి సమానత్వం ఎలా? "మీ వాడికి ఏం తెలుసమ్మా" అంటారు, నేను చెప్పేది కూడా నా మాటే అనుకుంటారు గానీ వాడి మాట అనుకోరు.

వాడు చాలా చేస్తాడు. వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్లి సరుకులు తెస్తాడు. చీటీ రాసివ్వను, బొమ్మలు గీసిస్తాను. పాల ప్యాకెట్టు, గుడ్లు, సబ్బు. కొట్టాయన ముందు నాకు ఫోన్ చేసి అడిగేవాడు. ఇప్పుడు వాడినే అడుగుతున్నాడు, ఏ సబ్బు కావాలో వాడు వేలుతో చూపిస్తాడు. మేం వాడేది కాకుండా వేరే రంగుది తెస్తున్నాడు ఈమధ్య. వాడికి అదే ఇష్టమట, ఇన్నేళ్లూ మేం అడగలేదు.

లా_స్టూడెంట్_వైజాగ్ | మంగళవారం, ఉదయం 8:10

లలితమ్మ గారూ, మీ ప్రశ్నకు ముందు చెప్తాను. మిగతావాళ్లు దీన్ని దాటేస్తారేమోనని.

2016 చట్టంలో 13వ సెక్షన్ ప్రకారం జీవితంలో అన్ని విషయాల్లోనూ వికలాంగులకు ఇతరులతో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్లను ఇందులోంచి తీసేయలేదు. సాయం ఎంత అవసరమో అంతే ఇవ్వాలి, నిర్ణయం మాత్రం వాళ్ల ఇష్టాన్ని బట్టి జరగాలి. 14వ సెక్షన్‌లో పరిమిత సంరక్షకత్వం ఉంది. అంటే సంరక్షకులు, ఆ వ్యక్తి కలిసి నిర్ణయం తీసుకోవాలి, ఫలానా పనికి, ఫలానా కాలానికి మాత్రమే. దీనికి తోడు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు జిల్లా స్థాయి కమిటీ సంరక్షకులను నియమిస్తుంది, కలెక్టరు అందులో ఉంటారు. పింఛను, బ్యాంకు, ఆస్తి పనులకు అది అక్కరకొస్తుంది. అది తీసుకున్నాక కూడా మీ అబ్బాయిని అడగడం మానకూడదు. సబ్బు రంగు విషయంలో మీరు చేస్తున్నది సరిగ్గా చట్టం చెప్పేదే.

సిరి గారి విషయానికొస్తే, నరేష్ అన్న చెప్పింది సరైనదే. దానికి ఇంకొకటి కలుపుతాను. 2024 అక్టోబరు 15న సుప్రీంకోర్టు ఓంకార్ రామచంద్ర గోండ్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆ అబ్బాయికి 40 శాతానికి పైగా మాట, భాషా వైకల్యం ఉంది. ఎంబీబీఎస్ సీటుకు అనర్హుడన్నారు. కోర్టు ఏమందంటే, సర్టిఫికెట్ మీద శాతం చూసి కొట్టేయడానికి వీల్లేదు, ఆ మనిషి ఆ కోర్సు చదవగలడా లేదా అన్నది పరీక్షించి చెప్పాలి. డాక్టరు చదువుకే మాట అడ్డు కానప్పుడు ట్యాలీకి ఎలా అడ్డవుతుంది?

శ్రీధర్_అనంతపురం | మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను వికలాంగుణ్ణి కాదు, మా పెదనాన్న కొడుకు కోసం ఈ వేదికకు వస్తుంటాను. ఎవరికైనా కష్టం కలిగితే క్షమించండి, ఒకటి అడగాలి. ప్రైవేటు వాడు జీతం తన జేబులోంచి ఇస్తాడు. పనికి ఆలస్యమవుతుందేమో, సెలవులు ఎక్కువ పెడతారేమో అని భయపడడం తప్పా? పైగా దొంగ సర్టిఫికెట్ల గొడవ. 2024లో ట్రెయినీ ఐఏఎస్ వ్యవహారం దేశమంతా చూసింది. జనానికి నమ్మకం పోయింది.

నరేష్_హనుమకొండ | మంగళవారం, మధ్యాహ్నం 2:02

శ్రీధర్ అన్నా, సూటిగా అడిగావు, సూటిగానే చెప్తాను.

భయపడడం వేరు, భయంతోనే నిర్ణయం తీసేసుకోవడం వేరు. ఆలస్యమవుతుందేమో అనుకుంటే టెస్టు పెట్టి చూడొచ్చు. ఒక ఎక్సెల్ షీటు, యాభై బిల్లులు ఇచ్చి గంట టైం ఇవ్వొచ్చు. సిరికి ఆ టెస్టు పెట్టలేదు. పెట్టి, చేయలేకపోతే వద్దనొచ్చు. మా టీములో నేను చేరినప్పుడు అడిగిన ఏర్పాట్లు రెండే: బల్ల ఎత్తు పెంచడం, మీటింగ్ రూము తలుపు దగ్గర కార్పెట్టు తీసేయడం. కార్పెట్టు మీద చక్రం కూరుకుపోతుంది, ఎవరో ఒకరు నెట్టాలి. కార్పెట్టు తీశారు, ఆ పని అరగంటలో అయిపోయింది. చట్టంలో దీన్నే రీజనబుల్ అకామడేషన్ అంటారు. యజమాని మీద మోయలేని భారం పడకుండా, మనం పని చేసుకోవడానికి కావాల్సిన మార్పు.

దొంగ సర్టిఫికెట్లంటే, వాటివల్ల మొదట నష్టపోయేది మేమే. ఒకడు దొంగ కాగితం తెస్తే అందరినీ అనుమానంగా చూస్తారు.

పద్మజ_ఏలూరు | మంగళవారం, సాయంత్రం 5:40

ఆ అనుమానం ఎలా ఉంటుందో ఏపీలో 2025లో చూశాం. పింఛన్ల రీవెరిఫికేషన్ అని మళ్లీ సదరం (వైకల్య శాతం తేల్చే) పరీక్షలకు పిలిచారు. నాకు చిన్నప్పటి నుంచి ఒక కాలు బలం లేదు, చంకకర్రలతో నడుస్తాను. డాక్టరు గారు కాలు తాకను కూడా తాకలేదు. దూరం నుంచి చూసి ఏదో రాశారు. కాగితం చూస్తే నా శాతం తగ్గింది, దాని పక్కన "తాత్కాలికం" అని ఉంది. పుట్టినప్పటి నుంచి ఉన్నది తాత్కాలికం ఎలా అవుతుంది? జూలై 2024 నుంచి 6,000 అయిన పింఛను ఆగిపోతుందని నోటీసు వచ్చింది. అప్పీలు పెట్టాను, ఇంకా తేలలేదు.

దొంగలను పట్టుకోవడం మంచిదే. పట్టుకునే పద్ధతిలో మమ్మల్ని దొంగల్లా నిలబెట్టకూడదు. ఎండలో క్యూ, కూర్చోవడానికి కుర్చీలు లేవు, టాయిలెట్‌కు మూడు మెట్లు. వికలాంగుల కోసం పెట్టిన క్యాంపు అది!

అనూష_డల్లాస్ | మంగళవారం, రాత్రి 11:25

ఊరు గుంటూరు, ఇప్పుడు ఇక్కడ ఉంటున్నాను. వినికిడి చాలా తక్కువ, రెండు చెవులకూ మెషిన్లు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం ప్రకారం ఉద్యోగం ఇస్తున్నామని చెప్పే ముందు వైకల్యం గురించి అడగకూడదు. పని చేయగలవా అని అడగొచ్చు. సిరికి ఎదురైన ప్రశ్నలు ఇక్కడ అడిగితే కంపెనీ లాయర్లకు చెమటలు పడతాయి. ఇక్కడా అంతా సవ్యంగా ఉందని చెప్పను, ఫోన్ ఇంటర్వ్యూలో క్యాప్షన్లు కావాలంటే విసుక్కున్నవాళ్లను చూశాను. కాకపోతే అడగడానికి భయం ఉండదు. మన దగ్గర అలాంటి ఉద్యమం ఎందుకు రాలేదో అనిపిస్తుంది.

లా_స్టూడెంట్_వైజాగ్ | బుధవారం, ఉదయం 7:50

అనూష అక్కా, రాలేదనడం సరికాదు. మనకు చెప్పలేదు, అంతే. 1995 డిసెంబరు 19న ఢిల్లీలో వికలాంగులు పార్లమెంటు దగ్గర ధర్నా చేశారు. జావేద్ అబిదీ ముందుండి నడిపారు, ఆయనే వీల్‌చైర్‌లో ఉండేవారు. మూడు రోజుల్లో, డిసెంబరు 22న, ఆ 1995 చట్టం బిల్లు పాసయింది. ఆయన 2018 మార్చిలో చనిపోయారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు నాకు ఎక్కడా కనబడలేదు.

మన తెలుగు రాష్ట్రాల్లో కూడా పోరాటాలు లేవా? పింఛను ఇంతదాకా పెరిగింది ఊరికే కాదు. వికలాంగుల హక్కుల పోరాట సమితి లాంటివి రోడ్డెక్కితే పెరిగింది.

శ్రీకాంత్ బొల్లా గారి వీడియోలు అందరూ వాట్సాప్‌లో పంపుకుంటారు. మచిలీపట్నం దగ్గర పల్లెటూరి నుంచి ఎంఐటీకి వెళ్లిన మనిషి, హైదరాబాద్‌లో సొంత కంపెనీ పెట్టిన మనిషి. చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ గ్రూపు ఇవ్వకపోతే ఆయన కోర్టుకెళ్లి సాధించుకున్నారు. మోటివేషన్ వీడియోల్లో ఆ కోర్టు ముక్క ఎక్కువగా ఎగిరిపోతుంది. పట్టుదల ఉంటే చాలన్నట్టు చూపిస్తారు. పట్టుదల ఆయనకు ముందూ ఉంది, తలుపు తెరుచుకున్నది మాత్రం కోర్టు చెప్పాకే.

రఫీ_తెనాలి | బుధవారం, ఉదయం 9:05

ఇది వంద మందికి చెప్పాలి.

పోటీ పరీక్షల గురించి నేనొక విషయం పెడతాను. గ్రూప్-2కు చదువుతున్నాను. తెలుగు మీడియం మెటీరియల్ పీడీఎఫ్‌లు దొరుకుతాయి, కానీ సగం స్కాన్ చేసిన బొమ్మలు, మిగతా సగం అను ఫాంట్లలో (డీటీపీలో వాడే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు) టైపు చేసినవి. కళ్లున్నవాళ్లకు చక్కటి తెలుగు కనిపిస్తుంది. తెర మీది అక్షరాలు చదివి వినిపించే నా స్క్రీన్ రీడర్‌కు మాత్రం అక్షరాల బదులు ఇంగ్లిషు గుర్తులు, అంకెలు, చుక్కలు. "భారత రాజ్యాంగం" అన్న పేజీ తెరిస్తే ఒక్క మాట కూడా తెలుగులో చదవదు. యూనికోడ్‌లో ఉంటే హాయిగా చదువుతుంది. ప్రచురణకర్తలు ఖర్చు పెట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు, యూనికోడ్‌లోకి మార్చి ఇస్తే చాలు. ఒక పబ్లిషరుకు రాస్తే "మీ కోసం ప్రత్యేకంగా చేయలేం" అన్నారు. ప్రత్యేకంగా కాదండీ, అందరికీ అదే ఫైలు ఇవ్వమంటున్నాను.

ఇక స్క్రైబ్, అంటే మనం చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి. 2018 మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాల్సి ఉండేది, మన స్క్రైబ్‌ను మనమే తెచ్చుకునే వీలుండేది. ఆ స్క్రైబ్ చదువు మనకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాల్సి వచ్చేది. డిగ్రీ పరీక్షకు ఇంటర్ చదివిన పిల్లవాడిని వెతుక్కోవాల్సి వచ్చేదన్నమాట. వాడు "సెక్యులరిజం" అన్న మాట రాయడానికి తడబడేవాడు, మన టైం పోయేది. ఇది ఎవరి కష్టమో పరీక్ష హాల్లో ఎవరూ లెక్కపెట్టరు.

నరేష్_హనుమకొండ | బుధవారం, ఉదయం 9:40

రఫీ, 40 శాతం లోపు ఉన్నవాళ్లకు స్క్రైబ్ ఇవ్వరు కదా, దాని సంగతేంటి? మా కజిన్‌కు చేతి వణుకు, సదరంలో 30 శాతమే వచ్చింది.

లా_స్టూడెంట్_వైజాగ్ | బుధవారం, ఉదయం 10:15

ఇస్తారు. ఇవ్వాలి. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆయనకు రాస్తుంటే చేయి పట్టేసే సమస్య, రైటర్స్ క్రాంప్ అంటారు. సివిల్స్ పరీక్షకు స్క్రైబ్ అడిగితే 40 శాతం లేదని కాదన్నారు. రాయడం కష్టమైన వాళ్లెవరికైనా స్క్రైబ్ ఇవ్వాలని, 40 శాతం నిబంధన రిజర్వేషన్ లాంటి కొన్నిటికేనని కోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో కేంద్రం 40 శాతం లోపు వాళ్ల కోసం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది. మీ కజిన్ డాక్టరు దగ్గర రాయడం కష్టమన్న సర్టిఫికెట్ తీసుకుని, పరీక్షకు దరఖాస్తు చేసేటప్పుడే జతచేయాలి. హాల్ టికెట్ వచ్చాక అడిగితే ఎవరూ వినరు.

భవనాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో, ర్యాంపులు, లిఫ్టులు వగైరా ప్రమాణాలు ఇష్టమైతే పాటించే సలహాలుగా ఉండకూడదు, తప్పనిసరి నిబంధనలు కావాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. పద్మజ గారు చెప్పిన మూడు మెట్ల టాయిలెట్ సంగతి దీని కిందకే వస్తుంది.

సిరి_ఖమ్మం | బుధవారం, రాత్రి 8:30

అందరికీ చాలా థాంక్స్. ఒక్కొక్కరూ ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు.

మెయిల్ రాయడానికి కూర్చున్నాను, ఎంత రాసినా బతిమాలినట్టే వస్తోంది. ఎవరైనా నమూనా ఇస్తారా?

మాధవి గారూ, రఫీ అన్నా, నాన్న లోపల ఉండాలా వద్దా అన్నదాని గురించి ఆలోచించాను. అది సందర్భాన్ని బట్టి నేనే తేల్చుకుంటాను. నా మాట అర్థం కాని చోట ఫోన్‌లో టైపు చేసి చూపిస్తాను. దానికీ అర్థం కాలేదంటే అప్పుడు నాన్నను పిలుస్తాను. పిలిచేది నేనే.

లా_స్టూడెంట్_వైజాగ్ | బుధవారం, రాత్రి 9:20

ఇది వాడుకోండి, అవసరాన్ని బట్టి మార్చుకోండి:

"అయ్యా/అమ్మా, నేను ఫలానా తేదీన మీ సంస్థలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు హాజరయ్యాను. నాకు సెరిబ్రల్ పాల్సీ ఉంది. ఇంటర్వ్యూలో ప్రశ్నలు నన్ను కాకుండా నాతో వచ్చిన మా నాన్నగారిని అడిగారు. ఉద్యోగానికి సంబంధించిన నైపుణ్యాలపై నన్ను ఏమీ అడగలేదు, ఏ పరీక్షా పెట్టలేదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016, సెక్షన్ 21 ప్రకారం మీరు ప్రకటించిన సమాన అవకాశాల విధానం కాపీ పంపగలరు. నా దరఖాస్తుపై మీరు తీసుకున్న నిర్ణయాన్ని, దానికి కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఉద్యోగ నైపుణ్యంపై పరీక్ష పెడితే హాజరు కావడానికి సిద్ధంగా ఉన్నాను. మాట్లాడేటప్పుడు నాకు కొంచెం అదనపు సమయం, అవసరమైతే టైపు చేసి జవాబివ్వడానికి వీలు కావాలి."

ఇంతే. "దయచేసి అవకాశం ఇవ్వండి", "నిరుపేద కుటుంబం" లాంటివి వద్దు. జవాబు రాకపోతే, వచ్చినా సరిగ్గా లేకపోతే, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. దానికి వకీలు అక్కర్లేదు. మనుషులను పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి కమిషనర్‌కు సివిల్ కోర్టుకుండే అధికారాలు ఉన్నాయి. ఆయన సిఫార్సు చేస్తే అవతలివాళ్లు మూడు నెలల్లో ఏం చేశారో చెప్పాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా. ఇంకా, నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. అది సిరి గారి కేసుకు అతకదు, మిగతావాళ్లు గుర్తుంచుకోండి.

శ్రీధర్_అనంతపురం | గురువారం, ఉదయం 7:30

నరేష్ తమ్ముడూ, టెస్టు పెట్టి చూడాలన్న మాట సబబుగా ఉంది. మా పెదనాన్న కొడుకు ఎలక్ట్రికల్ షాపులో వైండింగ్ పని చేస్తాడు, మాట రాదు, చెవులు వినబడవు. జీతం మాత్రం పక్కనున్నవాడికన్నా తక్కువ. పని ఇద్దరిదీ ఒకటే. దీనికేం చేయాలి?

అనూష_డల్లాస్ | గురువారం, ఉదయం 8:05

శ్రీధర్ గారూ, ముందు ఆ అబ్బాయినే అడగండి, జీతం గురించి యజమానితో మాట్లాడాలని ఉందా అని. సైగల భాష తెలిసినవాళ్లను తోడు తీసుకెళ్లండి. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సుప్రీంకోర్టులో సైగల భాషా అనువాదకుడి సాయంతో పాల్గొన్నారు. సుప్రీంకోర్టులో కుదిరింది, షాపులో ఎందుకు కుదరదు? అక్కడ కాకపోతే లేబర్ ఆఫీసులో, అక్కడా అదే సాయం అడగొచ్చు.

లలిత_విజయనగరం | గురువారం, ఉదయం 11:40

నా ప్రశ్నకు జవాబు ఇచ్చినందుకు బాబుకు కృతజ్ఞతలు. కలెక్టరు ఆఫీసులో ఆ కమిటీ గురించి వాకబు చేశాను, దరఖాస్తు ఇచ్చారు.

ఒకటి చెప్పాలని ఉంది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవన్‌జి మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగంలో 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లకు కాంస్యం తెచ్చింది. అంతకు ముందు ఆ మేలో కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు. చిన్నప్పుడు ఊళ్లో ఆ పిల్లను వెక్కిరించారని పేపర్లో చదివాను. ఇప్పుడు అందరూ దండలు వేస్తున్నారు. మా వాడు పరుగెత్తడు, పతకం తేడు. కిరాణా కొట్టుకు వెళ్లొస్తాడు. వాడికి గౌరవం దక్కడానికి పతకం అడ్డు పెట్టకండి అని నా విన్నపం.

మాధవి_హెచ్‌ఆర్ | గురువారం, రాత్రి 9:10

లలిత గారూ, మీ పోస్టు మా ఆఫీసు గ్రూపులో పెట్టొచ్చా? పేర్లు తీసేసి.

లలిత_విజయనగరం | గురువారం, రాత్రి 9:25

వాణ్ణి అడిగాను. సరే అన్నాడు.

సిరి_ఖమ్మం | తర్వాతి సోమవారం, సాయంత్రం 6:15

మెయిల్ పంపాను. జవాబు వచ్చింది. సమాన అవకాశాల విధానం "తయారీలో ఉంది" అట. నన్ను తీసుకోకపోవడానికి కారణం వైకల్యం కాదట, అనుభవం లేకపోవడమట. ప్రకటనలో ఫ్రెషర్లు కూడా దరఖాస్తు చేయొచ్చని ఉంది, స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది. పరీక్ష పెట్టమన్నదానికి జవాబే లేదు.

కమిషనర్‌కు ఫిర్యాదు రాస్తున్నాను. నాన్న మొదట వద్దన్నారు, "పెద్దవాళ్లతో మనకెందుకమ్మా" అని. స్క్రీన్‌షాట్ చూపించాక ఏమీ అనలేదు, కాగితాలు జిరాక్సు తీయించుకొచ్చారు. వేరే చోట రెండు ఉద్యోగాలకు దరఖాస్తు కూడా పెట్టాను. ఈసారి దరఖాస్తులోనే, టైపు చేసి జవాబివ్వడానికి వీలు కావాలని రాశాను.

నరేష్_హనుమకొండ | సోమవారం, సాయంత్రం 6:40

ఆ స్క్రీన్‌షాట్ భద్రంగా దాచు చెల్లీ. తేదీ, వెబ్ చిరునామా కనబడేలా ఇంకోటి తీసి పెట్టుకో. వాళ్లు ప్రకటన మార్చేయొచ్చు. ఫిర్యాదులో "విధానం తయారీలో ఉంది" అన్న వాళ్ల సొంత మాటనే మొదట పెట్టు. చట్టం అమల్లోకి వచ్చింది 2017లో.

పద్మజ_ఏలూరు | సోమవారం, రాత్రి 8:00

సిరీ, ఫిర్యాదు నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకోవడం మరవకు. పోస్టులో పంపితే రిజిస్టర్డ్ పోస్టు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో. నా అప్పీలు సంగతి: నకలు ఉంది కాబట్టే ఈరోజు "మీ దరఖాస్తు మాకు అందలేదు" అన్న క్లర్కు నోరు మూయించగలిగాను. మళ్లీ పరీక్షకు తేదీ ఇచ్చారు. ఈసారి డాక్టరు కాలు చూడకుండా రాస్తే, చూడలేదని అక్కడే రాసివ్వమంటాను.

రఫీ_తెనాలి | సోమవారం, రాత్రి 8:35

పద్మజ గారూ, ఆ రోజు మీకు తోడు కావాలంటే చెప్పండి. ఏలూరు తెనాలికి దగ్గరే, మా తమ్ముడూ నేనూ రైలెక్కి వస్తాం. యూనికోడ్ పుస్తకాల గురించి ప్రచురణకర్తలకు ఉత్తరం రాస్తున్నాను. ఎవరెవరు సంతకం పెడతారో కింద చెప్పండి, చూపున్నవాళ్లు కూడా పెట్టొచ్చు.

లా_స్టూడెంట్_వైజాగ్ | సోమవారం, రాత్రి 8:50

నాది రాసుకో రఫీ అన్నా. మా క్లాసులో ఇంకో పదిమంది పెడతారు, రేపు కనుక్కుని చెప్తాను.